వీధుల దత్తాంశపు కత్తిరింపులో పట ప్రక్షేపాలు

వీధుల దత్తాంశపు కత్తిరింపు అనగా ఒక పెద్ద ప్రాంతానికి చెందిన దారుల సమాచారం నుండి, కావలసిన హద్దు లోపలి దారులను మాత్రమే కంప్యూటరు ద్వారా వేరుచేసి తీసుకొనే ప్రక్రియ. నగర ప్రణాళిక, రవాణా, ప్రజారోగ్యం, విద్య మొదలైన రంగాలలో దీని అవసరం ఎక్కువ. పైథాన్ భాషలో ఈ పని కొద్ది వరుసల ప్రోగ్రాముతోనే పూర్తవుతుంది. అయితే హద్దును ఏ పట ప్రక్షేపంలో గీశారు, దారుల నిరూపకాలు ఏ ప్రక్షేపంలో ఉన్నాయి అన్న సంగతిని పట్టించుకోకపోతే ఫలితం తప్పుతుంది. ఈ తప్పు చాలా సందర్భాలలో కంప్యూటరు తెరపై దోషంగా కనబడదు. పటం చక్కగానే ఉంటుంది, అంకెలు మాత్రం తేడాగా వస్తాయి. అందువలన కత్తిరింపుకు ముందు ప్రక్షేపాన్ని సరిచూసుకోవడం ఈ పనిలో ముఖ్యమైన మెట్టు.

నేపథ్యం

భూమి గుండ్రనిది, పటం చదునైనది. గోళపు ఉపరితలాన్ని సాగదీయకుండా, చింపకుండా చదునుగా పరచడం సాధ్యం కాదని జర్మన్ గణితవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ 19వ శతాబ్దపు తొలిభాగంలో నిరూపించాడు. కాబట్టి ప్రతి పటంలోనూ దూరం, వైశాల్యం, ఆకారం, దిశ అనే నాలుగింటిలో ఏదో ఒకటి గాని, కొన్ని గాని వక్రీకరణకు లోనవుతాయి. అక్షాంశ రేఖాంశాలను చదునైన తలం మీదికి మార్చే గణిత పద్ధతినే పట ప్రక్షేపం అంటారు.

1569లో గెరార్డస్ మెర్కేటర్ ప్రకటించిన ప్రక్షేపం నావికులకు ఎంతో ఉపయోగపడింది. ఇందులో చిన్న ప్రదేశాల ఆకారం చెడదు గాని, భూమధ్యరేఖ నుండి దూరమయ్యే కొద్దీ పరిమాణం పెరిగిపోతుంది. 1772లో యోహాన్ హైన్రిచ్ లాంబర్ట్ ఇదే పద్ధతిని అడ్డంగా తిప్పి, భూమధ్యరేఖకు బదులు ఒక మధ్యాహ్నరేఖను ఆధారంగా తీసుకొన్నాడు. ఈ అడ్డు మెర్కేటర్ పద్ధతి నుండి 20వ శతాబ్దంలో యూటీఎమ్ అనే నిరూపక వ్యవస్థ ఏర్పడింది. ఇందులో భూగోళాన్ని ఒక్కొక్కటి 6 డిగ్రీల రేఖాంశం వెడల్పు గల 60 జోన్లుగా విభజించారు. ప్రతి జోనుకు ఒక మధ్యరేఖ ఉంటుంది. నిరూపకాలు మీటర్లలో ఉంటాయి.

ప్రతి నిరూపక వ్యవస్థకు ఈపీఎస్‌జీ సంఖ్య అనే గుర్తింపు సంఖ్య ఉన్నది. డబ్ల్యూజీఎస్ 84 గోళాభంపై అక్షాంశ రేఖాంశాలకు 4326, అంతర్జాల పటాలలో విరివిగా వాడే వెబ్ మెర్కేటర్‌కు 3857, యూటీఎమ్ ఉత్తరార్ధగోళపు 44వ జోనుకు 32644 ఆ సంఖ్యలు.

వీధుల దత్తాంశపు స్వరూపం

2004లో బ్రిటన్‌లో ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ప్రపంచమంతటి వీధుల సమాచారాన్ని స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో సేకరించి అందరికీ ఉచితంగా అందిస్తున్నది. అందులోని ప్రతి బిందువు స్థానం అక్షాంశ రేఖాంశాలలో, అనగా డిగ్రీలలో నమోదై ఉంటుంది.

ఈ సమాచారాన్ని పైథాన్‌లో వాడుకొనడానికి జెఫ్ బోయింగ్ రూపొందించిన ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ అనే గ్రంథాలయం ప్రసిద్ధి చెందింది. ఇది కూడళ్ళను శీర్షాలుగాను, రెండు కూడళ్ళ మధ్యనున్న వీధి ముక్కను అంచుగాను తీసుకొని గణితంలోని గ్రాఫ్ రూపంలో అమరుస్తుంది. దీనితో పాటు పట్టిక రూపంలోని భౌగోళిక దత్తాంశానికి జియోపాండాస్, జ్యామితీయ ఆకారాలకు షేప్లీ, ప్రక్షేపాల మార్పిడికి పైప్రోజ్ అనేవి వాడుకలో ఉన్నాయి.

వీటిలో షేప్లీకి ప్రక్షేపం అన్న ఊహే లేదు. దానికి ఇచ్చిన అంకెలను చదునైన కాగితం మీది నిరూపకాలుగానే భావిస్తుంది. 78.47 అన్నది డిగ్రీలా, మీటర్లా అన్నది దానికి తెలియదు. జియోపాండాస్ పట్టికకు మాత్రం నిరూపక వ్యవస్థ పేరు జతచేసి ఉంటుంది. కాని లెక్క జరిగేటప్పుడు అదికూడా షేప్లీనే ఆశ్రయిస్తుంది.

డిగ్రీ దూరపు కొలత కాదు

డిగ్రీ కోణానికి కొలత, దూరానికి కాదు. ఒక డిగ్రీ అక్షాంశం భూమిపై అన్నిచోట్లా దాదాపు 111 కిలోమీటర్లు ఉంటుంది. ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం భూమధ్యరేఖ వద్ద 111 కిలోమీటర్లు ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గి చివరకు సున్న అవుతుంది.

హైదరాబాదులోని చార్మినారు 17.3616 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4747 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. అక్కడ ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.67 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106.28 కిలోమీటర్లు. ఈ రెండింటి తేడా 4 శాతమే కాబట్టి పటంలో కంటికి కనబడదు. అదే 60 డిగ్రీల అక్షాంశం వద్ద, అనగా ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ పరిసరాలలో, ఒక డిగ్రీ రేఖాంశం 55.8 కిలోమీటర్లు మాత్రమే. అక్కడ డిగ్రీలతో గీసిన వృత్తం నేల మీద సన్నని దీర్ఘవృత్తం అవుతుంది. ఆ పొరపాటు వెంటనే బయటపడుతుంది. దక్షిణ భారతదేశంలో పొరపాటు చిన్నది కాబట్టి దాగి ఉంటుంది.

ఉదాహరణ: బడికి కిలోమీటరు దూరం

పిల్లల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుండి అమలయింది. దాని కింద 2010లో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన నియమాలలో 1 నుండి 5 తరగతుల పిల్లలకు నివాస ప్రాంతం నుండి 1 కిలోమీటరు నడక దూరంలో, 6 నుండి 8 తరగతుల వారికి 3 కిలోమీటర్ల దూరంలో పాఠశాల ఉండాలని పేర్కొన్నారు. ఏ ఇండ్లు ఈ హద్దులో ఉన్నాయి, ఏవి బయట ఉన్నాయి అని తేల్చడానికి వీధుల దత్తాంశమే ఆధారం.

చార్మినారు వద్ద ఒక ప్రాథమిక పాఠశాల ఉన్నదని ఊహిస్తే, దాని చుట్టూ 1 కిలోమీటరు వ్యాసార్ధంతో గీసిన వృత్తపు వైశాల్యం 3.14 చదరపు కిలోమీటర్లు. ఈ వృత్తాన్ని మూడు విధాలుగా గీస్తే వచ్చే ఫలితాలు ఇవి:

* డిగ్రీలలో: కిలోమీటరుకు 0.009 డిగ్రీలని స్థూలంగా లెక్కకట్టి గీస్తే ఉత్తర దక్షిణాలకు 996 మీటర్లు, తూర్పు పడమరలకు 957 మీటర్లు వస్తుంది. వైశాల్యం 2.99 చదరపు కిలోమీటర్లు.

* వెబ్ మెర్కేటర్‌లో: ఇక్కడి నిరూపకాలు మీటర్లలోనే ఉంటాయి గాని, అవి నేల మీది మీటర్లు కావు. హైదరాబాదు అక్షాంశం వద్ద ఈ ప్రక్షేపం దూరాలను సుమారు 5 శాతం పెంచి చూపుతుంది. అందువలన 1000 అని ఇచ్చి గీసిన వృత్తం నేల మీద సుమారు 950 మీటర్లకే ఆగిపోతుంది. వైశాల్యం 2.85 చదరపు కిలోమీటర్లు. అనగా 9 శాతానికి పైగా ప్రాంతం లెక్కలో నుండి జారిపోతుంది.

* యూటీఎమ్ 44వ జోనులో: ఈ జోను మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. చార్మినారు దానికి రెండున్నర డిగ్రీలు పడమరగా ఉండడం వలన కిలోమీటరుకు సుమారు అర మీటరు మాత్రమే తేడా వస్తుంది. వైశాల్యంలో తేడా 0.1 శాతం.

పాతబస్తీ వంటి జనసాంద్రత గల చోట 9 శాతం వైశాల్యమంటే ఎన్నో గల్లీలు, వాటిలోని ఇండ్లు. బడికి 970 మీటర్ల దూరంలో ఉన్న ఇల్లు నిజానికి హద్దు లోపలిదే. తప్పు ప్రక్షేపంలో కత్తిరిస్తే అది బయటిదిగా నమోదవుతుంది. ఆ పట్టికను చూసేవారికి లోపం తెలిసే అవకాశం లేదు.

సరియైన ప్రక్షేపం ఎంపిక

ఒక నగరం లేదా ఒక జిల్లా పరిమాణంలోని పనికి యూటీఎమ్ చాలును. జోను సంఖ్య తెలుసుకోవడానికి తూర్పు రేఖాంశానికి 180 కలిపి, 6తో భాగించి, వచ్చిన పూర్ణాంకానికి 1 కలపాలి. హైదరాబాదుకు 258.47ను 6తో భాగిస్తే పూర్ణాంకం 43, కాబట్టి జోను 44.

తెలుగు రాష్ట్రాలు ఒకే జోనులో లేవు. 78 డిగ్రీల రేఖాంశం 43, 44 జోన్లకు, 84 డిగ్రీల రేఖాంశం 44, 45 జోన్లకు సరిహద్దు.

* 43వ జోను (32643): తెలంగాణలో జహీరాబాదు, తాండూరు, నారాయణపేట, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, ఆదోని, హిందూపురం.

* 44వ జోను (32644): హైదరాబాదు, వరంగల్లు, విజయవాడ, తిరుపతి, విశాఖపట్నం మొదలైనవి.

* 45వ జోను (32645): శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలోని పలాస, సోంపేట, ఇచ్ఛాపురం.

కర్నూలు నగరం 78 డిగ్రీల రేఖాంశానికి కొద్ది కిలోమీటర్ల తూర్పున మాత్రమే ఉన్నది. అటువంటి చోట పని చేసే ప్రాంతం సరిహద్దుకు రెండు వైపులా విస్తరిస్తే, దానిని రెండు ముక్కలు చేయకూడదు. మొత్తం ప్రాంతానికి ఒకే జోనును వాడాలి. కొద్ది కిలోమీటర్లు పక్క జోనులోకి వెళ్ళినంత మాత్రాన దోషం గుర్తించదగినంతగా పెరగదు. రెండు జోన్ల నిరూపకాలను ఒకే పట్టికలో కలపడం మాత్రం పెద్ద పొరపాటు. రెండు జోన్లలోనూ మధ్యరేఖకు 5,00,000 మీటర్ల విలువే ఇవ్వడం వలన, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళు ఒకదానిపై ఒకటి పడినట్లు కనబడతాయి.

రాష్ట్రం మొత్తానికి లేదా దేశం మొత్తానికి చేసే పనికి లాంబర్ట్ శంకు ప్రక్షేపం అనుకూలం. భారతదేశానికి ఉద్దేశించిన అటువంటి నిరూపక వ్యవస్థకు ఈపీఎస్‌జీ సంఖ్య 7755.

జియోపాండాస్‌లో ఎస్టిమేట్_యూటీఎమ్_సీఆర్ఎస్ అనే ప్రమేయం దత్తాంశపు మధ్యభాగాన్ని బట్టి జోనును తానే సూచిస్తుంది. ఓఎస్ఎమ్ఎన్ఎక్స్‌లోని ప్రాజెక్ట్_గ్రాఫ్ కూడా వేరే ఆదేశం లేకపోతే తగిన యూటీఎమ్ జోనులోకే మార్చుతుంది.

కత్తిరింపు విధానం

సాధారణంగా పని ఈ క్రమంలో సాగుతుంది.

1. కేంద్రబిందువును లేదా హద్దు బహుభుజిని 4326లో, అనగా డిగ్రీలలో తీసుకోవాలి.

2. టు_సీఆర్ఎస్ అనే ప్రమేయంతో దానిని మీటర్ల ప్రక్షేపంలోకి, ఉదాహరణకు 32644లోకి మార్చాలి.

3. దూరంతో సంబంధమున్న పనులన్నీ, అనగా చుట్టూ 1000 మీటర్ల వలయం గీయడం వంటివి, ఈ ప్రక్షేపంలోనే చేయాలి.

4. వలయాన్ని మరికొంత, ఉదాహరణకు 500 మీటర్లు, పెంచి వేరొక పెద్ద వలయం తయారుచేయాలి.

5. పెద్ద వలయాన్ని తిరిగి 4326లోకి మార్చి, దాని ఆధారంగా వీధుల సమాచారాన్ని తెచ్చుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్ని అడిగేటప్పుడు హద్దును డిగ్రీలలోనే ఇవ్వాలి.

6. వచ్చిన గ్రాఫ్‌ను 32644లోకి మార్చి, దూరాల లెక్క పూర్తిచేసి, ఆ తరువాతనే అసలు హద్దుతో కత్తిరించాలి.

నాలుగవ మెట్టును చాలామంది వదిలివేస్తారు. హద్దుకు సరిగ్గా కత్తిరించిన వీధుల సముదాయంలో అంచున ఉన్న కూడళ్ళకు దారులు తెగిపోతాయి. నాలుగు దారుల కూడలి రెండు దారుల మలుపుగా కనబడుతుంది. వార్డు హద్దుతో కత్తిరించినప్పుడు ఈ చిక్కు మరింత ఎక్కువ. చార్మినారుకు ఉత్తరాన మూసీ నది ప్రవహిస్తున్నది. నదిని వంతెన ఉన్నచోటనే దాటగలరు. ఆ వంతెన హద్దుకు కొద్ది మీటర్లు బయట ఉంటే, కత్తిరింపు తరువాత రెండు ఒడ్డుల మధ్య దారే లేదని లెక్క తేలుతుంది. ఈ కారణం వలననే ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ కూడా బహుభుజి ఇచ్చినప్పుడు లోలోపల దానిని 500 మీటర్లు పెంచి సమాచారం తెచ్చి, కూడళ్ళను సరిగా గుర్తించిన పిమ్మట అసలు హద్దుకు కుదిస్తుంది.

ఓఎస్ఎమ్ఎన్ఎక్స్‌కు కేంద్రబిందువును, దూరాన్ని మాత్రమే ఇస్తే అది మామూలుగా వృత్తాన్ని కాక చతురస్రాన్ని తీసుకొంటుంది. 1000 మీటర్లు ఇచ్చినప్పుడు ఆ చతురస్రపు మూలలు కేంద్రం నుండి సుమారు 1414 మీటర్ల దూరంలో ఉంటాయి.

రెండు రకాల కత్తిరింపు

కత్తిరింపు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వీటి తేడా తెలియకపోతే సరియైన ప్రక్షేపం వాడినా ఫలితం తప్పుతుంది.

జ్యామితీయ కత్తిరింపు: జియోపాండాస్‌లోని క్లిప్ అనే ప్రమేయం కత్తెరతో దారాన్ని కోసినట్లు వీధి రేఖను సరిగ్గా హద్దు వద్ద తెంచుతుంది. పటం గీయడానికి, హద్దు లోపలి మొత్తం రోడ్ల పొడవు లెక్కించడానికి ఇది తగినది. అయితే తెగిన కొసన కూడలి ఉండదు. పట్టికలో ఆ వీధి చివరి కూడలి పేరు మాత్రం హద్దు బయటిదే ఉంటుంది. పొడవు అనే వరుసలోని సంఖ్య కూడా మారదు. 200 మీటర్ల వీధి తెగి 80 మీటర్లు అయినా, ఆ వరుసలో 200 అనే ఉంటుంది. కాబట్టి కత్తిరించిన తరువాత పొడవును మీటర్ల ప్రక్షేపంలో మరల లెక్కించాలి.

గ్రాఫ్ కుదింపు: ఓఎస్ఎమ్ఎన్ఎక్స్‌లోని ట్రంకేట్ అనే విభాగం హద్దు బయటి శీర్షాలను తొలగిస్తుంది. శీర్షంతో పాటు దానికి తగిలిన వీధి ముక్క మొత్తం పోతుంది, హద్దు లోపల ఉన్న భాగంతో సహా. ట్రంకేట్_బై_ఎడ్జ్ అనే ఐచ్ఛికాన్ని ఎంచుకొంటే, లోపలి కూడలితో కలిసిన బయటి కూడలి కూడా నిలుస్తుంది. నడక దూరం, దగ్గరి దారి వంటి లెక్కలకు గ్రాఫ్ కుదింపే తగినది.

తరచు జరిగే పొరపాట్లు

పేరు మార్పు, విలువ మార్పు: సెట్_సీఆర్ఎస్, టు_సీఆర్ఎస్ అనే రెండు ప్రమేయాలు వేరు. మొదటిది దత్తాంశానికి పేరుచీటీ అంటిస్తుంది, అంకెలను ముట్టుకోదు. రెండవది అంకెలను నిజంగా మార్చుతుంది. డిగ్రీలలో ఉన్న పట్టికకు 32644 అని పేరుచీటీ అంటిస్తే, హైదరాబాదు మొత్తం ఒక మీటరు వెడల్పులో ఇమిడిపోతుంది.

రెండు ప్రక్షేపాలు కలవకపోవడం: దారులు డిగ్రీలలోను, హద్దు మీటర్లలోను ఉంటే క్లిప్ ప్రమేయం ఒక హెచ్చరిక చూపి, ఖాళీ పట్టిక ఇస్తుంది. ఖాళీ ఫలితం వస్తే ముందుగా అనుమానించవలసినది దీనినే.

అక్షాంశ రేఖాంశాల తారుమారు: 4326 నిర్వచనం ప్రకారం ముందు అక్షాంశం, తరువాత రేఖాంశం. షేప్లీ, జియోపాండాస్‌లలో ముందు రేఖాంశం, అనగా అడ్డు నిరూపకం. పైప్రోజ్‌ను నేరుగా వాడేటప్పుడు ఆల్వేస్_ఎక్స్‌వై అని చెప్పకపోతే నిర్వచనంలోని క్రమమే తీసుకొంటుంది. ఈ రెండూ తారుమారైతే చార్మినారు ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో తేలుతుంది. 2024లో వచ్చిన ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ 2.0లో దీర్ఘచతురస్రపు హద్దును ఇచ్చే క్రమం ఎడమ, కింద, కుడి, పై అని మారింది. పాత ప్రోగ్రాములను వాడేవారు దీనిని గమనించాలి.

పాత పటాల హద్దులు: భారత సర్వేక్షణ శాఖ పాత పటాలు ఎవరెస్ట్ గోళాభం ఆధారంగా తయారయ్యాయి. 2005 నాటి జాతీయ పటాల విధానం తరువాత వచ్చిన ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యూజీఎస్ 84, యూటీఎమ్‌ల ఆధారంగా ఉన్నాయి. పాత పటం నుండి గీసుకొన్న గ్రామపు హద్దును మార్పిడి చేయకుండా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వీధులపై పెడితే, హద్దు మొత్తం పక్కకు జరిగి ఉంటుంది.

సరిచూసుకొనే పద్ధతులు

కత్తిరింపుకు ముందు ఒకటి రెండు నిరూపకాలను కంటితో చూస్తే చాలా పొరపాట్లు దొరుకుతాయి. చార్మినారుకు డిగ్రీలలో విలువలు 78.47, 17.36. యూటీఎమ్ 44లో అడ్డు నిరూపకం సుమారు 2,31,600 మీటర్లు, నిలువు నిరూపకం సుమారు 19,21,300 మీటర్లు. వెబ్ మెర్కేటర్‌లో అడ్డు నిరూపకమే 87 లక్షలు దాటుతుంది. అంకె పరిమాణాన్ని బట్టే ఏ ప్రక్షేపమో తెలిసిపోతుంది.

వలయం గీసిన తరువాత దాని వైశాల్యాన్ని అడిగి, చేతితో కట్టిన లెక్కతో పోల్చాలి. 1000 మీటర్ల వలయానికి సుమారు 31.4 లక్షల చదరపు మీటర్లు రావాలి. షేప్లీ వృత్తాన్ని 64 భుజాల బహుభుజిగా గీసినప్పుడు 0.16 శాతం తక్కువ వస్తుంది, ఇది దోషం కాదు. అయితే వెబ్ మెర్కేటర్‌లో గీసినా ఈ సంఖ్యే వస్తుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. నేల మీద కొలిచి తెలిసిన ఒక వీధి పొడవును ప్రోగ్రాము చెప్పిన పొడవుతో పోల్చడం నమ్మదగిన పరీక్ష.

పరిమితులు

ప్రక్షేపం సరిగా ఉన్నంత మాత్రాన ఫలితం పూర్తిగా నిజం కాజాలదు. పటంలో ఇంకా నమోదు కాని గల్లీ, మూసివేసిన గేటు, దాటరాని రైలు పట్టాలు మొదలైనవి ప్రక్షేపపు దోషం కన్నా ఎక్కువ తేడా తెస్తాయి. వాటిని సరిచేయడానికి స్థానికుల పరిశీలన అవసరం. ప్రక్షేపపు దోషాన్ని మాత్రం ఇల్లు కదలకుండానే, ఒక వరుస ప్రోగ్రాముతో చాలావరకు నివారించవచ్చును.

ఇవి కూడా చూడండి

* అక్షాంశం
* రేఖాంశం
* పటం
* ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్
* పైథాన్
* విద్యాహక్కు చట్టం